కూర్చోకుండా కత్తెర పెట్టకూడదు

మెట్ల కింద ఒక గది, అందులో కుట్టుమిషను, గోడకు ఆనించిన చేతుల్లేని కుర్చీలు, నేలంతా స్పాంజి ముక్కలు. ఇదీ సోఫా పిన్ని రాజ్యం. పాత సోఫాలకు కొత్త గుడ్డ తొడగడం ఆవిడ పని. నిజానికి ఆవిడను పిన్ని అనాల్సింది అక్క కూతురొక్కతే, కానీ వీధి వీధంతా అదే పిలుపు. ఆవిడ ఒకటి పట్టిందంటే పట్టిందే. ఎంత తొందరలో ఉన్న మనిషి వచ్చినా సరే, ఆ సోఫాలో తాను కాసేపు కూర్చుని, ఎక్కడ కుంగుతోందో, ఎక్కడ ఒత్తుకుంటోందో చూడనిదే గుడ్డకు కత్తెర పెట్టదు. "కూర్చోకుండా కత్తిరిస్తే చూడ్డానికి బాగుంటుంది, కూర్చోడానికి పనికిరాదు" అంటుంది.

అక్క కూతురు బడి వదలగానే ఈ గదికే వచ్చేది. మిగిలిపోయిన గుడ్డముక్కల మీద సుద్దతో బొమ్మలు గీసేది. చేతులు, మోకాళ్లు, మడమలు. అబ్బ, ఏం గీత అది! ముట్టుకుంటే కదులుతాయేమో అన్నట్టుండేవి. ఒక్కదానికీ మొహం మాత్రం ఉండేది కాదు. మొహాలు కాలేజీలో నేర్పుతారులే అని పిన్ని సర్దుకుంది.

పిల్ల బడి చదువు పూర్తవగానే పిన్ని నిర్ణయించేసింది, బొమ్మల కాలేజీ అని. బావ, అంటే పిల్ల తండ్రి, ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాడు. కూతురు కూడా లెక్కలే చదవాలన్నాడు. ఇక చూడాలి తమాషా. పిన్ని రోజూ సాయంత్రం వాళ్ల గుమ్మంలో బైఠాయించేది. టీ ఇస్తే తాగేది, మాట మారిస్తే మళ్లీ మొదటికొచ్చేది. మధ్యలో అక్క నలిగిపోయింది. చివరికి బావ చేతులెత్తేశాడు.

"సరే తల్లీ, రేపే తీసుకెళ్లి చేర్పించు. నా చెవులకు కాస్త విశ్రాంతి దొరుకుతుంది."

గెలిచిన సంబరంలో పిన్ని పిల్ల వైపు చూడనేలేదు.

మర్నాడు ఇద్దరూ బయల్దేరబోతుంటే ఎదురింటి తాతగారు వచ్చాడు. ఆయనకు ఎడమవైపు మోకాలి కింద నుంచి పెట్టుడు కాలు. లోపలి మెత్త అరిగిపోయి ఒరుసుకుంటోందట. కాలేజీ తొందరలో పిన్ని వెంటనే తోలూ కత్తెరా అందుకుంది.

"ఆగు పిన్నీ" అంది పిల్ల. "తాతగారూ, ఒకసారి వీధిలో అలా నడిచి రండి."

ఆయన కుంటుతూ నడిచాడు. పిల్ల గడప దగ్గర గొంతుక్కూర్చుని రెప్ప వేయకుండా చూసింది. "నొప్పి అడుగున కాదు, పక్కన. ఈ వైపు మందంగా ఉండాలి" అని తనే తోలు కత్తిరించి, అంచులు పల్చగా చెక్కి అమర్చింది. తాతగారు మళ్లీ నడిచాడు. ఈసారి మలుపు దాటిపోయి ఎంతకీ తిరిగి రాలేదు. వచ్చాక, "టీ కొట్టుదాకా వెళ్లొచ్చానమ్మా" అన్నాడు.

పిల్ల మొహం వెలిగిపోయింది. "పద, కాలేజీకి ఆలస్యమవుతోంది" అని పిన్ని అనగానే ఆ వెలుగు కాస్తా ఆరిపోయింది.

"ఏమైందే?"

"నాకు బొమ్మలు చదవాలని లేదు పిన్నీ. ఇలాంటి కాళ్లూ చేతులూ తయారుచేయాలని ఉంది. అందుకే అవి గీసుకునేదాన్ని."

"మరి ఇన్నాళ్లూ నోరు పెగల్లేదేం?"

"నువ్వు నాకోసం నాన్నతో అంత పోట్లాడుతుంటే ఎలా చెప్పను? అయినా నన్నెవరు అడిగారు? నాన్నా అడగలేదు, నువ్వూ అడగలేదు."

పిన్నికి చెంప ఛెళ్లుమన్నట్టయింది. విరిగిన కుర్చీకిచ్చిన మర్యాద కూడా పిల్లకు ఇవ్వలేదే! సిగ్గేసింది. కానీ సిగ్గుపడుతూ చతికిలబడే మనిషి కాదు ఆవిడ. కొట్టు మూసి, తాతగారికి కాలు చేసిన ఆసుపత్రికి పిల్లను వెంటబెట్టుకెళ్లింది. ఆ పని నేర్పే చదువు ఉందనీ, ఈ ఏడాదే చేరొచ్చనీ కనుక్కుంది. పిల్ల అడిగిన ప్రశ్నలకు జవాబులు చెబుతూ అక్కడ కాళ్లు తయారుచేసే ఆయన భోజనం సంగతే మర్చిపోయాడు.

సాయంత్రం మళ్లీ అదే గుమ్మం. బావ తల పట్టుకున్నాడు.

"మళ్లీ ఏమొచ్చిందమ్మా? నువ్వన్నదానికే ఒప్పుకున్నాను కదా."

"తప్పు నాది బావా. కూర్చోకుండా కత్తిరించబోయాను. నువ్వూ అంతే చేశావు. ఇక నేను మాట్లాడను, దాన్నే అడుగు."

బావ కూతురి వైపు తిరిగాడు. "నీకేం కావాలో నువ్వు చెప్పమ్మా."

పిల్ల తడబడి ఆగిపోయింది. పిన్నికి నాలిక దురద పెట్టింది, అయినా పెదాలు బిగించుకుంది. ఆ ఇంట్లో ఆవిడ నోరు మూసుకోవడం అదే మొదటిసారి.

"ఎదురింటి తాతగారు ఇవాళ టీ కొట్టుదాకా నడిచారు నాన్నా" అని మొదలుపెట్టింది పిల్ల.

బావ టీవీ కట్టేశాడు. కుర్చీ లాక్కుని, కూతురి ఎదురుగా కూర్చున్నాడు.