కిటికీ పక్క చోటు

మా అక్క ఇంగ్లండులో నర్సు. నిరుడు నన్ను అక్కడికి పిలిపించుకుంది. వెళ్లిన మర్నాడే పొలాల మధ్య కాలిబాటన నడిపించి, వాళ్ల ఊరి గుడి చూపించింది. చర్చిని మేం గుడి అనే అంటాం. ఎనిమిది వందల ఏళ్ల నాటి రాతి గోడలట. తలుపు ముందు ఆగి సంచిలోంచి జానెడు ఇనప తాళంచెవి తీసింది.

"వారం వారం తెరిచేది నేనే" అంది, ఇంట్లో పొయ్యి వెలిగించే సంగతి చెప్పినట్టు.

నాకు కడుపు మండిపోయింది. సముద్రం పక్కనున్న మా ఊళ్లో మాది రేకుల గుడి. గట్టి తుఫాను వస్తే సగం రేకులు రొయ్యల గుంటల్లో తేలుతాయి. దాని తాళంచెవి కూడా సంఘపెద్ద మొలతాడు దాటి రాదు. ఆడవాళ్ల చేతికి అసలే రాదు. ఇక్కడేమో ఇంత గుడిని మా అక్క చేతిలో పెట్టారు!

గడప దగ్గర చెప్పులు విప్పి లోపల అడుగు పెట్టాను. బండలు మంచుగడ్డల్లా ఉన్నాయి.

"చెప్పులిప్పినావేందే? కాళ్లు కొయ్యబారిపోతాయి!" బూట్లతో నిలబడే నవ్వింది అక్క.

"గుళ్లోకి చెప్పులతో పోతారా ఎవురన్నా?" అన్నాను కొంగు తలమీదికి లాక్కుంటూ.

నేలంతా పేర్లు చెక్కిన సమాధి పలకలే. తొక్కకుండా పక్కపక్కగా నడిచాను. ఇక్కడ పోయినవాళ్లకు కూడా చోటు ఖాయం. మా గుళ్లో బతికున్నవాళ్లకే చాలదు. ఆ కుళ్లుతోనే బల్లలన్నీ దాటి వెళ్లి, ముందు పరిచిన ఎర్ర తివాచీ మీద, అలవాటు కొద్దీ ఆడవాళ్లు కూర్చునే ఎడమవైపు కూర్చున్నాను.

"ఆదివారం జనం బాగా వస్తారా?"

"ఏం జనంలే. ఏడెనిమిదిమంది ముసిలోళ్లు" అంది. తాళంచెవి చేతిలో తిప్పుతూ అడిగింది. "అవునే, కిటికీ కాడ నా చోట్లో ఇప్పుడెవురు కూసుంటుండారు?"

మా గుళ్లో సముద్రపు గాలి తగిలేది ఒక్క కిటికీ దగ్గరే. అక్కడ చాప మీద అమ్మ, అమ్మ పక్కన అక్క. పెద్దది కదా, ఆ చోటు దానిదే. నేను ఎప్పుడూ వాకిట్లో చెప్పుల దగ్గరే. అక్క వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వేది కూడా.

"నేనే. నువ్వు ఊరిడిసినాక వచ్చిన తొలి ఆదివారమే ఎక్కి కూసున్నా. అమ్మ పక్కన."

అక్క ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఆ చూపు నాకు కొత్త కాదు. ఏళ్ల తరబడి చెప్పుల దగ్గర కూర్చుని నేను చూసిన చూపే. ప్రాణం ఎంత హాయిగా ఉందో!

అక్క తాళంచెవి సంచిలో పడేసింది. గడప దాకా వెళ్లి బూట్లు విప్పి, నా చెప్పుల పక్కన పెట్టి వచ్చింది. అన్ని బల్లలు ఖాళీగా ఉండగా నా దగ్గరికే వచ్చి, మోకాలితో నెట్టింది.

"జరగవే."

జరిగాను. కొంచెమే.