రాణిగారి గౌనులో కండక్టరు బొజ్జ

వీధిలో అందరూ ఆమెను గౌన్లక్క అంటారు. పాతకాలం రాణుల గౌన్లు కుడుతుంది మరి. బుట్టచేతులు, మెడకు లేసు, వీపు పొడవునా గుడ్డ తొడిగిన గుండీలు, అన్నీ చేతికుట్టే. నాటకాలవాళ్ళ కిరీటాలకు పూసలు గుచ్చేదీ ఆమే. ఇంట్లో కుట్టుమిషను లేకపోలేదు. దాని మీద ఉతికిన బట్టలు పెడతారు.

టేపుతో కొలవడమూ ఆమెకు పడదు. గౌను ఎవరిదైనా ముందు మొగుడికి తొడిగి చూసుకునేది. ఆయన బస్సు కండక్టరు. డ్యూటీ దిగి వచ్చి, చొక్కా విప్పి, రాజకుమార్తె గౌనులో కిటికీ పక్కన నిలబడి పేపరు చదువుకునేవాడు. గుండుసూది గుచ్చుకుంటే బస్సు ఆపించినట్టు "హోల్డాన్!" అని అరిచేవాడు.

ఎదురింటి మెకానిక్కు ఊరుకుంటాడా? "ఏం బావా, ఇవాళ రాణివా, చెలికత్తెవా?"

"పట్టపురాణిని. దణ్ణం పెట్టి పో!"

ఆయన ఒంటి మీద చూసుకున్నాక ఆడమనిషికి ఎంత తగ్గించాలో ఆమె చేతికి తెలుసు. చిక్కంతా పొట్ట దగ్గరే. మనిషి కంటే ముందు బస్సెక్కే పొట్ట అది. అందుకే గౌను విప్పినప్పుడల్లా ఆయన, "ఇదిగో, నా బొజ్జ నాకిచ్చెయ్యి" అనేవాడు. ఆ మాట చెవిన పడగానే ఆమె పొట్ట దగ్గరి వదులంతా లోపలికి మడిచి కుట్టేసేది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ మర్చిపోలేదు. మర్చిపోలేదంటే, ఆయన మర్చిపోలేదు.

కిందటేడు ఆయన పోయాడు. ఆమెకు సూది పట్టబుద్ధి కాలేదు. అలా ఉండగా ఒకరోజు నాటకాల మేనేజరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, కొత్త నాటకం. రాణి గౌను నువ్వు కుడితే సంతోషం. లేదంటే అద్దె దుకాణంలో తెచ్చుకుంటాం. ఇక నిన్ను ఇబ్బంది పెట్టనులే."

ఆ చివరి మాటే గుచ్చుకుంది. నాటకాలవాళ్ళ గుమ్మం కూడా మూసుకుంటే తను ఇంక సూది పట్టదని ఆమెకూ తెలుసు, కూడా ఉంటున్న ఆడపడుచుకూ తెలుసు. కుడతానంది.

మరి తొడిగి చూసుకోవడానికి మనిషేడీ? ఆయన ఖాకీ చొక్కాలో దిండ్ల దూది కూరి కర్రకు తగిలించింది.

ఆడపడుచు నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "మా అన్నయ్యకి అంత బొజ్జ లేదు వదినా."

"నువ్వు పక్కనుంచి చూడలేదు."

"అది సరే, దిండ్లన్నీ కడుపులో కూరేశావు. నేను తల కింద ఏం పెట్టుకోను?"

"మిషను మీద బట్టలున్నాయిగా."

ముదురాకుపచ్చ మఖమలు గౌను ఆ దూది మనిషి మీదే తయారైంది. నాటకం రోజు సాయంత్రం వదినా ఆడపడుచులు దాన్ని మోసుకుని వేషాల గదికి వెళ్ళారు. రాణి వేషం వేసే అమ్మాయి చీపురుపుల్లలా ఉంటుంది. గౌను తొడుక్కుని అద్దం వైపు తిరిగింది.

భుజాలు అతికినట్టున్నాయి. మెడ ముచ్చటగా ఉంది. పొట్ట దగ్గర మాత్రం మఖమలు గుండ్రంగా ముందుకొచ్చి కూర్చుంది.

మేనేజరు తల పట్టుకున్నాడు. "అక్కా! రాణికి పెళ్ళి మూడో అంకంలో. నువ్వు మొదటి అంకంలోనే నెలలు నింపేశావు!"

"నాకేం తెలీదండోయ్," అన్నాడు రాజు వేషంవాడు మీసం అంటించుకుంటూ. "నేను రెండో అంకంలోగానీ రాను."

గౌన్లక్క ఆ ఉబ్బు మీద అరచెయ్యి వేసి నొక్కింది. అది లోపలికి పోయి, మళ్ళీ బయటికొచ్చింది. ఎన్నిసార్లు నొక్కినా అంతే. అప్పుడు వెలిగింది ఆమెకు. దూది మనిషి నోరు తెరిచి తన బొజ్జ అడగలేదు కదా! పెదవి బిగించింది గానీ నవ్వు ఆగలేదు. ఏడాదిగా రాని నవ్వు, కళ్ళనూ ముక్కునూ తడిపేసింది.

"నవ్వుతావేంటక్కా? తెర లేపాలి! అద్దె దుకాణానికి మనిషిని పంపనా?"

"పంపకు." కొంగుతో మొహం తుడుచుకుని, "నీ బొజ్జ నీకిచ్చేస్తాలే" అని ఎవరితోనో అన్నట్టు గొణిగి, మోకాళ్ళ మీద కూర్చుంది. ఆడపడుచు సూదిలో దారం ఎక్కించి ఇస్తుంటే, అమ్మాయి ఒంటి మీదే వదులంతా లోపలికి మడిచి బిగువుగా కుట్టుకుంటూ పోయింది.

"అమ్మా!" అందా పిల్ల సూది తగిలి.

"అమ్మా కాదు, హోల్డాన్ అనాలి. ఊపిరి బిగబట్టు తల్లీ!"

దారం పళ్ళతో తెంపేసరికి గంట మోగింది. రాణి సన్నటి నడుముతో వేదిక మీదికి పరుగెత్తింది.

నాటకమయ్యాక మేనేజరు నసుగుతూ వచ్చాడు. "వచ్చేదాంట్లో రాణిగారి తల్లి వేషం ఉందక్కా. మనిషి కాస్త లావు. కుడతావు కదూ?"

ఇంటికొచ్చి ఆమె ఆడపడుచుకు కొత్త పని అప్పగించింది. దూది మనిషి ఒంటి మీంచి గౌను తీసినప్పుడల్లా ఆ మాట తను అనాలి.

"నాకు బొజ్జెక్కడుంది వదినా, సిగ్గు లేకుండా అడగడానికి?"

"మీ అన్నయ్య తరఫున అడుగు."

తల్లిగారి గౌను తీసిన రోజున ఆడపడుచు గొంతు సవరించుకుని, కిటికీ అదిరేలా అరిచింది. "నా బొజ్జ నాకిచ్చెయ్యి!"

ఎదురింటి మెకానిక్కు చేతిలోని పానా జారవిడిచాడు.

గౌన్లక్క మఖమలు పొట్టను రెండు చేతులతో నిమిరింది.

"ఈసారి ఇవ్వను," అంది. "ఇది లావుపాటావిడకి."