సంతకం లేని పాఠకులు

బీరువా పిన్నికి ఆ పేరు రావడానికి కారణం ఆవిడ నడుముకు వేలాడే పదకొండు తాళంచెవులు. వాటిలో నాలుగింటికి బీరువాలు లేవు. ఉన్న బీరువాల్లో ఒకదానికి తాళంచెవి లేదు. అయినా పంతొమ్మిదేళ్లుగా ఆవిడ చేతిలో గ్రంథాలయం నిరాటంకంగా సాగింది. నంబర్లతో ఆవిడకు పనిలేదు, మనుషులతోనే పని. నర్సు పరీక్షకు చదివే పిల్లకు కిటికీ పక్క కుర్చీ, తాపీ మేస్త్రీకి పని ప్రకటనలున్న పేజీ, రిటైరైన పోస్ట్‌మన్‌కు ఎవరూ విప్పని లావుపాటి చరిత్రలు. ఆవిడ వర్గీకరణ శాస్త్రం అది.

ఇంతలో ఖజానా నిండుకుందని పై ఆఫీసువారికి జ్ఞానోదయమైంది. మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధి కదా, పొదుపు మహాయజ్ఞం గ్రంథాలయంతోనే మొదలైంది. ముందు వారపత్రికలు పోయాయి. తర్వాత రెండు ఫ్యాన్లలో ఒకటి. ఆఖరికి, గుమ్మం దగ్గర పాఠకులు సంతకం పెట్టే హాజరు పుస్తకానికి దారంతో కట్టిన పెన్నులో సిరా అయిపోతే, కొత్త పెన్ను కోసం పెట్టిన అర్జీ తిరస్కృతమైంది. తిరస్కారం మాత్రం మూడు ప్రతుల్లో వచ్చింది. పిన్ని సొంత పెన్నులు మూడు పెట్టి చూసింది. అవి విద్యావంతుల జేబుల్లో వీరస్వర్గం పొందాయి. "చదివేవాళ్లు చదువుతూనే ఉన్నారుగా, సంతకం పెట్టకపోతే అక్షరాలు కనబడవా ఏంటి?" అని ఊరుకుంది. ఉద్యోగంలో ఆవిడ చేసిన తప్పు అదొక్కటే.

నాలుగు నెలలకు తనిఖీ అధికారి వచ్చి హాజరు పుస్తకం తిరగేశాడు. పేజీలు మల్లెపువ్వుల్లా ఉన్నాయి.

"నాలుగు నెలల్లో పురుగు కూడా రాలేదేంటమ్మా? సోమవారం నుంచి మూసేస్తున్నాం."

ఆ క్షణాన గదిలో నలభై ఒక్కమంది ఉన్నారు.

"మరి వీళ్లో?" అంది పిన్ని.

"రికార్డులో లేరు కదా."

"అయితే నేను పోయానా బాబూ?" పోస్ట్‌మన్ కళ్లజోడు తీశాడు. "ఆ కబురేదో మా కోడలికి మీరే చెప్పండి. మీకు టీ అయినా పోస్తుంది."

అధికారి నవ్వలేదు. నవ్వడం ఆయన విధుల్లో లేదు.

పిన్ని ఇంటికొచ్చి సంగతి చెబితే, దర్జీ పని చేసే మొగుడు మిషను ఆపకుండానే ఓదార్చాడు. "పోనీలేవే, నా దగ్గర కాజాలు కుట్టుకుందువుగాని."

"ఇప్పుడు నా చేతికి సూది ఇవ్వకు. ఎవరికి గుచ్చుతానో నాకే తెలీదు."

శనివారం పిన్ని అందరికీ తలా ఒక పుస్తకం ఇంటికిచ్చి పంపింది. సోమవారం తలుపుకు తాళం పడింది. సరిగ్గా పది గంటలకు ఆవిడా, వెనకే ఆ నలభై ఒక్కమందీ పై ఆఫీసు మెట్లెక్కారు. అక్కడ సందర్శకుల పుస్తకం దగ్గర పెన్నులు రెండున్నాయి, రెండూ రాస్తున్నాయి. ఒక్కొక్కరూ తాపీగా సంతకం పెట్టి, 'వచ్చిన పని' అన్న గడిలో 'చదువుకోవడం' అని రాసి, బెంచీల మీదా, మెట్ల మీదా, అధికారి గది ముందు కటిక నేల మీదా కూర్చుని పుస్తకాలు తెరిచారు.

"ఇది ఆఫీసమ్మా, లైబ్రరీ కాదు!" అంటూ అధికారి గదిలోంచి ఊడిపడ్డాడు.

"అక్కడ చదివితే లెక్కలో లేమన్నారు కదండీ. ఇక్కడైతే ఉన్నాం. చూసుకోండి."

మర్నాడు ఎనభైమంది వచ్చారు. మూడోనాటికి గుమాస్తాలు ఫైళ్లు నెత్తిన పెట్టుకుని మనుషుల్ని దాటుకుంటూ నడుస్తున్నారు. ఆ ఆఫీసు పుట్టాక అంతమంది సందర్శకులు ఏనాడూ నమోదు కాలేదు. నాలుగోనాడు అధికారి గొంతు తగ్గించుకుని వచ్చాడు.

"సరేనమ్మా, మధ్యే మార్గం. పొద్దున పూట మాత్రం తెరుస్తాం. ఇక వీళ్లని లేపండి."

పిన్ని తలెత్తకుండా పేజీ తిప్పింది.

"సగం పూటకి సగం మందే లేస్తారండీ. ఏ సగమో మీరే అడిగి చూడండి."