నేను గరిటె ఆపని రోజు

దిల్‌సుఖ్‌నగర్‌లో నావీ నర్సింహవీ పక్కపక్క దుకాణాలు. ఇద్దరం నూట నలభై కిలోల మనుషులం. నిరుడు అతడు పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకుని సగానికి తగ్గాడు. వదులైన చొక్కాలు "నీకు పడతయన్నా" అంటూ నాకే తెచ్చిచ్చాడు. మంచితనమే, కానీ నాకు ఒళ్లు మండింది.

బోనాలకు ఎల్బీనగర్‌లోని మా ఇంటికి విందుకొచ్చాడు. ఆ చొక్కాల్లో ఒకటి వేసుకున్న నన్ను చూసి మా బామ్మర్ది, "బావా, గది నర్సన్న అంగీ కాదా?" అన్నాడు. అందరూ నవ్వారు.

నర్సింహకు గుప్పెడు అన్నమే పడుతుందని తెలిసీ గరిటె అందుకున్నాను.

"చాలన్నా, పట్టదు."

"ఏందిరా, సన్నగైతే మా ఇంటి కూడు చేదైందా?" అంటూ మటన్, బగారన్నం మళ్లీ మళ్లీ వేశాను. మొహమాటానికి తిన్నాడు. కాసేపటికే చెమటలు పట్టి, కడుపు పట్టుకుని కూలబడ్డాడు.

దవాఖానలో డాక్టర్, "ఇంత ఎవరు తినమన్నారు?" అని గద్దించాడు.

"నేనే ఆశకు తిన్న సార్" అన్నాడు నర్సింహ.

డాక్టర్ వెళ్లాక అతని చేయి పట్టుకున్నాను. "నేను కుళ్లుతోనే పెట్టినరా."

"తెల్సన్నా. నువ్వు పెడితే ఎట్ల వద్దంట?"

అతడు కోలుకున్నాడు. ఇప్పుడు మా ఇంట్లో ఎవరైనా చాలంటే, నా గరిటె అక్కడే ఆగిపోతుంది.