మూలలు గుండ్రంగా కత్తిరించిన స్ట్రిప్పులు

మా ముత్తాత పెద్ద ఓబుళరెడ్డి చాపాడు పక్కన నాలుగు ఊళ్లకు పెత్తందారు. ఆయన కొడుకు, మా తాత కొండారెడ్డి, మునసబు. పంచాయితీకి వచ్చినవాళ్లు ఆయన కూర్చోమనేదాకా నిలబడే ఉండేవాళ్లు. మా ఊరి బడి ఆయన ఇచ్చిన స్థలంలోనే కట్టినారు. మా నాయన కాలానికి భూములు కొంత వ్యాజ్యాలకు, కొంత ఎన్నికలకు పోయినాయి. నా వంతుకు మిగిలింది తాత కుర్చీ ఒక్కటే. చేతులకు సింహం తలలు చెక్కిన టేకు కుర్చీ. నేను ఫార్మసీ చదివి జమ్మలమడుగులో మందుల షాపు పెట్టినప్పుడు దాన్ని కౌంటరు లోపల, ఫ్యాను కింద వేసినాను. మా వంశం తెలిసినవాళ్లు వస్తే అందులో కూర్చోబెట్టేవాణ్ని. మిగతావాళ్లు బయట నిలబడేవాళ్లు. గర్వమంటే గర్వమే, దాచను.

కరోనా అణిగిన మరుసటి ఏడాది జరిగిన సంగతి ఇది.

మందుల షాపువానికి ముందు అబ్బవలసింది అనుమానం. చీటీలో పది మాత్రలను వంద చేసుకొచ్చేవాళ్లుంటారు. అవ్వకని చెప్పి తామే మింగేవాళ్లుంటారు. ముఖ్యంగా షెడ్యూల్ హెచ్1 మందుల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడని, ఎవరికిచ్చామో వేరే రిజిస్టరులో రాయవలసిన మందుల పట్టీ అది. నిద్రమాత్రలు అందులోవే. ముఖం చూసి మనిషిని పట్టేస్తానని నాకు పేరుండేది.

మెదడు టానిక్కులనూ నేను నమ్మను. ముసలివాళ్ల మతిమరుపుకు మంచిదని రంగు సీసాలు తెచ్చే కంపెనీ మనుషులను ఒకటే అడిగేవాణ్ని: "మీ నాయనకు తాపినావా?" ఒక్కరూ తాపినామని చెప్పలేదు.

ఆ కుర్చీలో ఎక్కువగా కూర్చున్నది సుగుణమ్మ టీచరు. మా ఊరి బడిలో నాకు అక్షరాలు దిద్దించిన మనిషి. రిటైరై జమ్మలమడుగులో కొడుకు దగ్గర ఉండేది. డెబ్భై దాటినాయి. భర్త కరోనాలో పోయినాడు. నెలకోసారి వచ్చి, "ఏం మునసబు మనవడా, బాగుండావా?" అనేది. ఆ పిలుపు పిలిచేవాళ్లు జమ్మలమడుగులో ఇంకెవరూ లేరు. మా తాత ముచ్చట్లు చెప్తుండగా నేను ఆమె బీపీ మాత్రలు, నిద్రమాత్రలు, దురదకు వేసుకునే మాత్రలు కత్తిరించి కవరులో వేసేవాణ్ని. స్ట్రిప్పు మూలలు ముసలివాళ్ల వేళ్లకు గీసుకుంటాయి. అందుకని కత్తెరతో గుండ్రంగా తీయడం నా అలవాటు. ఈ చుట్టుపక్కల ఇంకెవరూ ఆ పని చేయరు.

రానురాను ఆమె చెప్పిన ముచ్చటే మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది. ఒకరోజు నన్ను "కొండారెడ్డీ" అని పిలిచింది. భయపడవలసిన మాట అది. నాకు సంతోషమైంది.

తర్వాత ఆమె రావడం మానుకుంది. కోడలు ఎస్తేరు రాసాగింది. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే మనిషి. మాట కరుకు. భర్త పులివెందులలో పని చేస్తూ పొద్దున బస్సుకు పోయి చీకటిపడి వస్తాడు. ఎస్తేరు చేతికి పాత మందులన్నీ మామూలుగానే ఇచ్చినాను, టీచరమ్మవే కదా అని. ఒకరోజు ఆమె అడిగింది.

"అప్పా, మా అత్త రాత్రంతా ఇల్లు తిరుగుతాంది. ఇంకా గట్టి నిద్రమాత్ర ఏదన్నా ఉంటే ఇయ్యి."

"చీటీ ఏదమ్మా?"

"పాతదుంది గదప్పా మీ దగ్గర."

"చీటీ ల్యాకుండా ఇయ్యను. ఇది ఉప్పు, చింతపండు కాదు."

"ఓయబ్బ! ఈపొద్దు కొత్తగా పుట్టిందా చట్టం?" అని విసురుగా పోయింది.

ఆమె మీద నాకు అప్పుడే అనుమానం పుట్టింది. మర్నాడు కావాలనే వాళ్ల వీధిలో పోయినాను. గేటుకు బయటినుంచి తాళం. లోపల కమ్మీలు పట్టుకుని సుగుణమ్మ టీచరు. నన్ను చూసి, "నాయనా, తాళంచెవి నీ దగ్గరేమన్నా ఉందా? బడికి టైమైతాంది" అంది. నలభై ఏళ్లు ఊరి పిల్లలకు చదువు చెప్పిన మనిషి.

దారాలు కొనుక్కుని ఎస్తేరు అప్పుడే వచ్చింది. నేను అడిగేలోపే తాళం తీస్తూ చెప్పింది. "చూసినావా? ఇట్లే చూస్తారు అందరూ. పోయిన వారం పులివెందుల బస్సెక్కి ముద్దనూరులో దిగి కూర్చుంది. ఎవరో ఫోన్ చేస్తే పోయి తెచ్చుకున్నాం. తాళం వేయక ఏం చేయాలప్పా? ఇది ఇంకింతే, గేటు దాటనిచ్చేది లేదు అంటాండాడు ఆమె కొడుకు."

నేను నమ్మలేదు. మనసులో ఒక లెక్క వేసుకుని అన్నాను: "ప్రొద్దుటూరులో నరాల డాక్టరుకు చూపించండి. ఆమె మింగేదంతా, ఒక్క మాత్ర కూడా వదలకుండా, డాక్టరు ముందర పెట్టండి." ఆ మాట మంచి కోరి చెప్పలేదు. ఈమె అత్తకు ఏదో మత్తు పెడతాంది, డాక్టరు దగ్గర దొరికిపోతాది అనుకున్నాను.

వారానికి ఎస్తేరు వచ్చింది. చేతిలో రస్కుల డబ్బా. కౌంటరు మీద బోర్లించింది. స్ట్రిప్పులు, సగం స్ట్రిప్పులు, ఖాళీవి, నిండువి కుప్పగా పడినాయి. మందులు కొనడానికొచ్చినవాళ్లు నలుగురైదుగురు చుట్టూ ఉన్నారు.

"డాక్టరు అడిగినాడప్పా, నిద్రమాత్ర ఇన్నేళ్లు ఎవరు రాసినారని. రాసింది పదైదు దినాలకంట. మా మామ పోయినప్పుడు. ఆ మాత్రకు తోడు ఈ దురద మాత్ర. రెండూ కలిసి మనిషి మతిని మబ్బు పట్టించినాయేమో అంటాండాడు." ఒక స్ట్రిప్పు తీసి నా ముఖం ముందర పెట్టింది. "ఈ గుండ్రటి మూలలు ఎవరివప్పా? నా కత్తెరవా?"

రిజిస్టరు తీసి చూడవలసిన పని లేదు. ప్రతి నెలా ఆ పాత చీటీ డాక్టరు పేరే నా చేత్తో రాస్తూ పోయినాను. కోడలిని అడిగిన చీటీ, కుర్చీలో కూర్చున్న మనిషిని ఒక్కసారీ అడగలేదు. మునసబు మనవడా అన్నది కాబట్టి.

"తప్పు నాదేనమ్మా" అన్నాను. మా వంశంలో పదిమంది ముందర ఆ మాట అన్నవాణ్ని నేనే మొదటనుకుంటా.

ఆమె ఇంకా తిడుతుందనుకున్నాను. కొత్త చీటీ నా చేతిలో పెట్టి, "ఇప్పుడన్నా సక్రమంగా ఇయ్యి" అంది.

ఆ డాక్టరు చీటీ శ్రద్ధగా రాసినాడు. నిద్రమాత్రను ఒక్కసారిగా ఆపకూడదు, ఆపితే ఫిట్స్ రావచ్చు. నెలల మీద కొంచెం కొంచెంగా తగ్గించాలి. దీన్ని టేపరింగ్ అంటారు. దురద మాత్ర మార్చినాడు. రక్తపరీక్షలో బి12 తక్కువని తేలితే సూదులు రాసినాడు. చెవుల్లో గుబిలి తీయించినాడు. వినపడని మాట గుర్తుండదు కదా. బీపీ అదుపులో ఉండాలన్నాడు. రోజూ నడిపించండి, నలుగురితో మాట్లాడించండి, ఏదో ఒక పని నేర్పండి అన్నాడు. టానిక్కు పేరు చీటీలో లేదు.

మాత్రలను నేనే అరలు, పావులు చేసి వారం వారం వాళ్లింటికి తీసుకుపోయి ఇచ్చినాను. ఎస్తేరు నన్ను గేటు దగ్గరే నిలబెట్టి, లెక్క చూసుకుని తీసుకునేది. ఆ అనుమానం నాకు తగినదే. మొదటి నెలలో టీచరమ్మకు నిద్ర లేదు, చిరాకు. మూడో నెలకు కోడలి పక్కన కూర్చుని జాకెట్ల కొలతలు నోటుబుక్కులో రాయసాగింది. ఐదో నెలకు, పుస్తకం చూడకుండానే ఎవరి చేతి కొలత ఎంతో చెప్పేది. అంతా తిరిగి రాలేదు. కొన్ని పేర్లు పోయినాయి, పోయినట్టే. ముందుముందు ఎట్లుంటుందో డాక్టరూ మాట ఇవ్వలేదు. కానీ గేటు తాళంచెవి ఆమె కొంగుకు చేరింది.

ఆర్నెల్లకు ఒక పొద్దున ఆమె ఒంటరిగా షాపుకు వచ్చింది. కౌంటరు బయట, ఇద్దరు కూలివాళ్ల వెనక నిలబడింది.

"లోపలికి రాండి టీచరమ్మా. కుర్చీలో కూర్చోండి."

"వద్దు నాయనా." సంచిలోంచి చీటీ తీసి, తన వంతు వచ్చినాక కౌంటరు మీద పెట్టింది. "ఆ కుర్చీలో కూర్చుంటే నువ్వు ఏమీ అడగవు. ఈడ నిలబడితేనే అడుగుతావు."

నేను చీటీ చదివినాను. తేదీ చూసినాను. ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటుందో ఆమెతోనే చెప్పించుకున్నాను. తప్పు లేకుండా చెప్పింది.

ఇప్పుడు ఎవరన్నా మా అమ్మకు మతి తప్పుతాందని వస్తే, ముందు ఇంట్లో మందుల డబ్బా మొత్తం తెమ్మంటాను. అందులో నా కత్తెర గుర్తులే ముందు వెతుకుతాను. అనుమానం మానలేదు. అది మొదలుపెట్టవలసిన చోటు మాత్రం మారింది.

టీచరమ్మ కౌంటరు బయట నిలబడి మందులు తీసుకున్న ఆ నెలలోనే మా తాత కుర్చీని ప్రొద్దుటూరులో పాత సామాన్ల అంగడికి అమ్మేసినాను.