తెర మీద నిలిచిపోయిన చేతులు

గౌరి చెల్లెలు బిందుకి పుట్టుకతోనే చెవుడు. అందువల్ల మాటా రాలేదు. కోటబొమ్మాళిలో వాళ్ల నాన్న కూర్మయ్యకి పచారీ కొట్టు. తల్లి పొద్దస్తమానం కొట్లోనే ఉండేది కాబట్టి ఆ పిల్లని చంకనేసుకుని తిరిగింది గౌరే. తిరుగుతూ తిరుగుతూ అక్కచెల్లెళ్లిద్దరూ తమకంటూ ఒక చేతుల భాష కట్టుకున్నారు. ముక్కు పక్కన వేలు పెడితే అమ్మ, ఆమెకి ముక్కుపుడక ఉండేది. తక్కెడ పట్టినట్టు చెయ్యి ఎత్తితే నాన్న. జడ లాగితే గౌరి. కోపం, ఆకలి, రేపు, ఎవరికీ చెప్పకు, అన్నింటికీ సైగలుండేవి. ఆ భాష లోకంలో ఇద్దరికే తెలుసు. కన్నతల్లికి కూడా సగమే అర్థమయ్యేది. తర్వాత ఎప్పుడో, వయసు మించిపోయాక, విజయనగరంలో బధిరుల బడిలో వేశారు. అక్కడ సైగలు చెయ్యనిచ్చేవారు కాదు. బిందుకి అక్షరాలు వచ్చాయి గానీ మనసులో ఉన్నది రాసి చెప్పడం రాలేదు. ఫోన్లో మెసేజ్ పెడితే 'అక్క నేను అన్నం మంచి' అని వచ్చేది. అది చూసి గౌరికి నవ్వూ వచ్చేది, గుండె బరువూ ఎక్కేది.

గౌరిని నౌపడలో ఉప్పు వ్యాపారం చేసే జయకృష్ణకి ఇచ్చారు. తల్లి పోయిన ఏడాదికి బిందు విశాఖపట్నం దగ్గర బట్టల కంపెనీలో కుట్టుపనికి కుదిరి హాస్టల్లో చేరింది. అది రెండువేల పదిహేను. నౌపడలో ఇంట్లో ఫోను సిగ్నలు ఉండేది కాదు. మేడ ఎక్కితే మాట వినబడేది, బొమ్మ కదిలేది కాదు. మాట వినబడితే వీళ్లిద్దరికీ ఏం లాభం? భార్య బాధ చూడలేక జయకృష్ణ కేబుల్ ఆఫీసు వాళ్లతో మాట్లాడి, వీధి స్తంభం నుంచి ఇంట్లోకి తీగ లాగించి, ముందుగదిలో కంప్యూటరుకి నెట్ పెట్టించాడు.

మొదటి నెలల్లో ఆ ముందుగది గౌరికి పుట్టిల్లయింది. దీపాలు పెట్టే వేళకి బిందు తెర మీదకి వచ్చేది. అత్తగారు లక్ష్మణమ్మ తలుపు దగ్గర కూర్చుని చిక్కుళ్లు ఒలుచుకుంటూ, "ఒక్క ముక్క మాటాడకండా ఇంతసేపు ఏటి సెప్పుకుంటారే మీరు" అని ఆశ్చర్యపోయేది.

వానాకాలం వెళ్లాక బొమ్మ ఆగడం మొదలైంది. బిందు చెయ్యి ఎత్తేది, అది గాలిలోనే నిలిచిపోయేది. మళ్లీ కదిలేసరికి ఆ చెయ్యి ఇంకెక్కడో ఉండేది. మధ్యలో ఏం చెప్పిందో పోయేది. చెవులున్నవాళ్లకైతే బొమ్మ ఆగినా మాట సాగుతుంది. వీళ్లకి బొమ్మే మాట.

గౌరి ఎవరేం చెబితే అది చేసింది. కేబుల్ ఆఫీసుకి ఫోను చేస్తే నెట్ పెట్టె ఆపి మళ్లీ వెయ్యమన్నారు. ఆపి వేసింది. కాసేపు బాగుండేది, మళ్లీ మామూలే. కంప్యూటరులో వైరస్ ఉందేమో అన్నారు. జయకృష్ణ దాన్ని టెక్కలి తీసుకెళ్లి శుభ్రం చేయించి తెచ్చాడు. టీవీ తీగ పక్కనే నెట్ తీగ ఉండకూడదని ఎవరో అంటే రెండింటినీ విడదీసి మేకులు కొట్టింది. పెట్టె నుంచి కంప్యూటరుకి వచ్చే తీగ తలుపు కింద పడి నలిగిపోయిందని గమనించి కొత్తది తెప్పించింది. ఆ రోజు బిందు మొహం స్పష్టంగా కనబడేసరికి గౌరి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మర్నాడు సాయంత్రానికి మళ్లీ చేతులు నిలిచిపోయాయి.

కేబుల్ ఆఫీసు నుంచి ధర్మేంద్ర అనే కుర్రాడు రాక రాక ఒక మధ్యాహ్నం వచ్చాడు. తన లాప్‌టాప్ తగిలించి చూశాడు. తెర మీద స్పీడు చూపే ముల్లు గిర్రున పైకి వెళ్లింది.

"ఇంటిలో ఏటీ తప్పు నేదమ్మా. సూడండి, ఫుల్లు స్పీడు వస్తన్నాది."

"ఇప్పుడు వస్తాది బాబూ. సాయంత్రం సూడు, అప్పుడు రాదు."

"సాయంత్రం అందరూ వాడతారు గదమ్మా. నానేటి సెయ్యగలను?"

గౌరి అతనికి మంచినీళ్లిచ్చి పంపింది. ఎవరిని బతిమాలాలో కూడా తెలియని బాధ అది. ఆమె చేతనైనదల్లా ఒకటే. బొమ్మ ఆగినప్పుడల్లా తల ఊపేది. నేను ఇక్కడే ఉన్నాను, చూస్తున్నాను, నువ్వు చెప్పు అని. ఊపకపోతే చెల్లెలు చిన్నబుచ్చుకుని కట్టేసేది.

కార్తీకమాసంలో ఒకనాడు బిందు చాలా ఆత్రంగా ఏదో చెప్పింది. చేతులు ఆగుతూ, ఎగురుతూ వచ్చాయి. దూరం అనే సైగ కనబడింది. స్నేహితురాళ్లు అనే సైగా కనబడింది. వాటి మధ్య ఉన్నది దొరకలేదు. గౌరి అలవాటుగా తల ఊపింది. బిందు మొహం వెలిగింది. తర్వాత లైను పూర్తిగా పోయింది.

వారం తిరక్కుండానే హాస్టల్లో బిందు గదిలో ఉండే గరివిడి అమ్మాయి సింధూరి ఫోను చేసింది. గౌరి మేడ మీద బట్టలు ఆరేస్తోంది.

"అక్కా, బిందు బెంగులూరు ఎలిపోనాది. అక్కడి కంపెనీలో దానిలాటోల్లు సానామంది ఉన్నారంట, నలుగురూ కలిసి బండెక్కీసినారు. మీరు ఒప్పుకున్నారని సైగ సేసి సెప్పినాది గదా."

"నానా? నానెప్పుడు ఒప్పుకున్నానే?"

"ఎల్లమంటావా అని మల్లీ మల్లీ అడిగిందంట. మీరు తల ఊపారంట."

గౌరి చేతిలోని తడిబట్టని మళ్లీ బకెట్లో పడేసింది. ఇక్కడ ఆమెకి బిందు చేతులు ఆగిపోతే, అక్కడ బిందుకి అక్క తల ఊపడం మాత్రం కనబడింది.

ఆ సాయంత్రమే కూర్మయ్య ఫోను చేశాడు. "నాతోటి ఒక్క మాట అనకండా, మాటరాని పిల్లని అంత దూరం ఎలగ పంపీసినావే గౌరీ?"

"నాను పంపలేదు నాన్నా. నెట్టు ఆగిపోనాది."

"నెట్టు ఆగిపోతే?"

ఎలా చెప్పినా ఆయనకి అది సాకులాగే వినబడింది. ఆయన ఫోను పెట్టేశాక జయకృష్ణ, "వచ్చీమని కబురెట్టు, నానెల్లి తీసుకొస్తాను" అన్నాడు. గౌరి తల అడ్డంగా తిప్పింది. అక్క ఒప్పుకుందన్న ధైర్యంతో రైలెక్కిన పిల్లకి, ఒప్పుకోలేదని ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పడం? చెప్పాలన్నా ఎలా చెప్పడం? రాస్తే అర్థం కాదు, తెర మీద చెయ్యి కదలదు.

మాఘమాసంలో వీధిలో మిగతా ఇళ్లవాళ్లూ గోల చేస్తే కేబుల్ ఆఫీసువాళ్లు నిచ్చెన పట్టుకొచ్చారు. ధర్మేంద్ర స్తంభం ఎక్కి అక్కడున్న పెట్టె విప్పితే లోపల తీగల మొదళ్లన్నీ పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. "ఉప్పుగాలమ్మా, అన్నీ తినీసింది. సాయంత్రం సెమ్మ తగిలితే లైను ఆగిపోతన్నాది" అని పైనుంచే అరిచి, కొత్త పెట్టె బిగించాడు.

సాయంత్రం గౌరి భయపడుతూనే కంప్యూటరు ముందు కూర్చుంది. బొమ్మ అద్దంలా వచ్చింది. బిందు కాస్త ఒళ్లు చేసింది. జుట్టు కత్తిరించుకుంది. వెనక మంచం మీద ముగ్గురు అమ్మాయిలు, వాళ్లవీ మాటరాని నోళ్లే, నవ్వుతూ చెయ్యి ఊపారు. బిందు చెప్పడం మొదలుపెట్టింది. రెండు చేతులూ వేళ్లూ గబగబా ఆడాయి. అవి గౌరికి తెలిసిన సైగలు కావు. బెంగుళూరులో ఆ పిల్లల దగ్గర నేర్చుకున్న భాష. గౌరి కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. మధ్యమధ్యలో పాత సైగ ఒకటి దొరికేది, అంతలోనే జారిపోయేది. మళ్లీ చెప్పమంది. బిందు చిన్నపిల్లకి చెప్పినట్టు మెల్లగా చెప్పింది. గౌరికి అప్పుడూ అందలేదు. ఈసారి ఆమె తల ఊపలేదు. తెలియడం లేదని చేత్తో చెప్పింది. బిందు, ఏం లేదులే అన్నట్టు చెయ్యి విదిలించి, వెనక్కి తిరిగి స్నేహితురాలికి ఏదో చెప్పింది. ఆ పిల్ల పకపకా నవ్వింది. ఎందుకు నవ్విందో గౌరికి తెలియలేదు.

వంటింట్లోంచి లక్ష్మణమ్మ కేకేసింది. "ఏటంటందే మీ సెల్లి?"

"బాగానే ఉన్నాదంట అత్తా" అంది గౌరి.