టీచరమ్మను అడగని ప్రశ్న

రూఫస్ గాడ్సీని మొండివాడంటే నేనొప్పుకోను. వాడిది మొండితనం కాదు, మర్యాద. ఆ మర్యాదే వాడి కొంప ముంచింది.

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, మా కౌంటీ, అంటే జిల్లా, రోడ్లు బాగుచేసే కూలీల ముఠాలో ఇద్దరం పదహారేళ్లు కలిసి పనిచేశాం. మధ్యాహ్నం రూఫస్ వేరుశనగ గింజలు కోలా సీసాలో పోసుకుని, అదే భోజనమన్నట్టు తాగేవాడు. పెద్దవాళ్లు ఎదురైతే టోపీ తీసేవాడు. లవీనియా టీచరమ్మ దగ్గరైతే మరీను. మా నల్లవాళ్ల చర్చిలో పిల్లలందరికీ ఆదివారం బడి చెప్పింది ఆవిడే. ఆవిడకు ఎదురు చెప్పినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఆ మార్చిలో ఒక వాన సాయంత్రం ఎవడో పనిముట్ల కొట్టు దోచి, యజమాని తల పగలగొట్టి పారిపోయాడు. యజమాని వాడి ముఖం చూడలేదు. కొట్టు వెనక వీధిలో తన ఇంటి వరండాలో కూర్చున్న టీచరమ్మ మాత్రం, "పరుగెత్తింది రూఫస్" అని పోలీసులకు చెప్పింది. వాళ్లు ఆ ఒక్క ముక్కా రాసుకుని సంతకం పెట్టించుకున్నారు. ఆ వేళకు రూఫస్ జ్వరంతో ఇంట్లో ఒంటరిగా పడుకుని ఉన్నాడు. ఆ సంగతి చెప్పడానికి మరో మనిషి లేడు.

విచారణ నాటికి టీచరమ్మ తుంటి విరిగి మంచాన పడింది. కోర్టు వరండాలో రూఫస్ తరఫు లాయరమ్మాయి వాడికి నచ్చజెప్పబోయింది.

"ఆవిడ మీ ఎదుటికొచ్చి చెప్పాలి, నేను ప్రశ్నలడగాలి. అది రాజ్యాంగం మీకిచ్చిన హక్కు. మీరు ఒప్పుకోకపోతే ఆవిడ సంతకం పెట్టిన కాగితం కోర్టులో చదవడానికి వీల్లేదు."

"ఒప్పుకోకపోతే?"

"ఆవిణ్ణి చక్రాల కుర్చీలో తెస్తామంటున్నారు ప్రభుత్వ లాయర్లు."

"ఊరంతా చూస్తుండగా ఆవిణ్ణి నిలదీస్తారా? వద్దమ్మా. ఆ కాగితమే చదువుకోమనండి. నేను చెయ్యలేదు, తీర్పు చెప్పే ఆ పన్నెండుమంది జ్యూరీకీ కళ్లున్నాయి."

"పిచ్చోడా, ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టకురా!" అన్నాను.

"నువ్వుండరా ఆమోస్. మీ అమ్మనైతే లాక్కొస్తావా?"

వాడు సంతకం పెట్టేశాడు.

కాగితం చదవడానికి నిమిషం కూడా పట్టలేదు. మా ఊళ్లో టీచరమ్మ మాటకు తిరుగేముంది? నలభై ఒక్కేళ్లవాడికి పద్నాలుగేళ్ల జైలు వేశారు.

ఆ వారమే ఆవిడ మీద మండిపడదామని వెళ్లాను.

"ఏరా, నన్ను కోర్టుకెందుకు తీసుకెళ్లలేదు?" అని ఆవిడే నన్నడిగింది. "మూడు రోజులు మంచి గౌను వేసుకుని, టోపీ పెట్టుకుని మంచం మీదే కూర్చున్నాను."

"వెళ్తే ఏం చెప్పేవారు?"

"పసుపుపచ్చ రెయిన్‌కోటు చూశానని. రూఫస్ అది వేసుకునేగా నా ఇంటి కప్పు బాగుచేశాడు."

"ముఖం చూశారా?"

"ఆ వానలో ముఖమెక్కడ కనిపిస్తుందిరా? అడిగితే చెప్పేదాన్నిగా."

అలాంటి కోట్లు కౌంటీవాళ్లు మా ముఠాకి ఇరవై రెండు పంచారు. ఒకటి మా ఇంట్లోనే ఉంది. ఆవిడ గుమ్మంలో కూలబడి ఏడ్చాను.

కేసు మళ్లీ విచారించమని లాయరమ్మాయి అర్జీ పెట్టింది. అది జడ్జి ముందుకొచ్చేలోపే టీచరమ్మ కన్నుమూసింది. ఆవిడ నాతో అన్న మాటలు చెల్లవన్నారు. ఎందుకంటే, ఆవిణ్ణి ఇక ఎవరూ ప్రశ్నించలేరట.

జైలుకెళ్లి రూఫస్‌కి అంతా చెప్పాను.

"నేనావిణ్ణి గౌరవించాననుకున్నానురా," అన్నాడు. "అడిగితే నిజం చెప్పే మనిషి. అడగనివ్వనిది నేనే."